నమూనా చెక్కు మాహాత్మ్యం

వ్యవసాయ చరిత్రలో నాగలి తర్వాత అంతటి ఘనమైన ఆవిష్కరణ ఏదని అడిగితే, నమూనా చెక్కు, అంటే సభల్లో పట్టుకుని ఫోటో దిగే పెద్ద అట్ట చెక్కు, అని తడుముకోకుండా చెప్పవచ్చు. 2025 ఆగస్టు 2న రైతులకు పెట్టుబడి సాయమిచ్చే అన్నదాత సుఖీభవ పథకం తొలి విడతగా రాష్ట్రం వాటా 5,000, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ వాటా 2,000, వెరసి 7,000 రూపాయలు నేరుగా రైతుల ఖాతాల్లోకి వెళ్లాయి. నేరుగా వెళ్లే డబ్బుకు మధ్యలో ఈ అట్ట దేనికని అడిగేవారికి పరిపాలన అంటే ఏమిటో తెలియదు.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల సభల్లో ఆ చెక్కు వేదిక ఎక్కే ఘట్టం చూసి తీరవలసినదే. ఎడమ అంచు నాయకుడిది, కుడి అంచు అధికారిది. మిగిలిన జానెడు చోటు కోసం సొసైటీ పెద్దలూ, మార్కెట్ కమిటీ ఆశావహులూ, వారి బావమరుదులూ తోసుకుంటారు. ఒక్క వేలైనా ఆనకపోతే మరునాటి పత్రికలో తాము లేనట్టే. చెక్కు తలకిందులైందని ఫోటోగ్రాఫరు అరుస్తాడు, తిప్పుతారు, మళ్లీ నవ్వుతారు. చెక్కు అందుకోవలసిన రైతు దాని వెనుక ఉంటాడు కనుక ఫోటోలో ఆయన తలపాగా మాత్రమే పడుతుంది. చప్పట్లు ఆగాక ఆయన "ఇది యాడ పెట్టేది సార్?" అని అడిగితే, ఎవరో వచ్చి లాక్కుపోతారు, పక్క మండలంలో సభ ఉంది మరి.

ఈ చెక్కుకు వేలిముద్రతో గుర్తింపు చూసే ఈ-కేవైసీ లేదు, ఆధార్ అనుసంధానం లేదు, ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌ల్యాండ్‌లో పేరు సరిపోవలసిన పని లేదు. అవన్నీ అసలు డబ్బుకే. ఏళ్ల తరబడి చెనక్కాయలు పెరికి గీతలు అరిగిపోయిన బొటనవేలిని యంత్రం గుర్తించకపోతే, ఆ నేరం వేలిదే.

అదే ఏడాది తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలన్నారు: గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదని రైతులు మొత్తుకున్నారు. ఆ ఎనిమిదికి నమూనా చెక్కు చేయించినవారిని మాత్రం నేను చూడలేదు.

కౌలు రైతు దగ్గరికి వచ్చేసరికి ఈ పరిహాసం నా వల్ల కాదు. పీఎం కిసాన్ అందాలంటే భూమి తన పేరు మీద ఉండాలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారుగా గుర్తించే 11 నెలల కార్డు ఇప్పించుకుందామంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. పలమనేరు వైపు రాత్రంతా మేలుకుని ఏనుగులను తోలేవాడికి రూపాయి రాదు, బెంగళూరులో నిద్రపోయే యజమాని ఫోనులో డబ్బు పడిన సందేశం మోగుతుంది. ఇది సిగ్గులేనితనం, దీనికి మర్యాదైన పేరు నాకు దొరకలేదు. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసుకునే ఈ-పంట నమోదుకు వచ్చే సిబ్బంది పొలంలోనే నిలబడి ఫోటో తీస్తారు, సాగు చేసేవాడు వారి ఎదుటే ఉంటాడు. ఆ మనిషి ఖాతాలో డబ్బు వేయడానికి ఇంకొకరి సంతకం దేనికి?