స్టార్ సంతకం కన్నా అటక మీది ట్రంకుపెట్టె విలువైంది

గోదావరి గట్టున షూటింగ్ అంటే ఎంత సందడో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆటోగ్రాఫ్ పుస్తకాలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు, ఇప్పుడు ఫోన్లు పట్టుకుని పరుగెడుతున్నారు. సెల్ఫీలు వచ్చాక సంతకాలు అరుదైపోయాయి కాబట్టి పాత ఆటోగ్రాఫులు ముందుముందు బంగారమవుతాయని చాలామంది నమ్మకం. నేను నమ్మను. పేరు పెద్దదైనంత మాత్రాన సంతకం విలువ నిలబడదు. చాలాసార్లు ఆ పేరే విలువకు గండి కొడుతుంది.

ఎలాగంటే, పేరున్నవాడి చుట్టూ జనం ఉంటారు, జనం ఉన్నచోట సంతకాలు కుప్పలు పడతాయి. డాన్ బ్రాడ్‌మన్ అంతటి క్రికెటర్ ముసలితనంలో కూడా అభిమానుల ఉత్తరాలకు ఓపిగ్గా జవాబులిచ్చి లెక్కలేనన్ని సంతకాలు పెట్టాడు. అందుకే ఆయన సంతకం దొరకడం ఇవాళ్టికీ పెద్ద కష్టం కాదు. అదే బటన్ గ్విన్నెట్ పేరు మనలో ఎంతమంది విన్నాం? 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మందిలో ఒకడు. మరుసటి ఏడాదే ద్వంద్వయుద్ధంలో దెబ్బతిని చనిపోయాడు. ఆ 56 సంతకాలూ కూర్చాలనుకునేవాళ్లకు ఇతనిదే దొరకదు. 2010లో వేలానికి వస్తే 7 లక్షల డాలర్లు దాటింది. అక్కడ ధర పలికింది కీర్తికి కాదు, కొరతకి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అయితే తన సంతకాలతో వ్యాపారం చేస్తున్నారని గ్రహించి 1994లో సంతకాలు పెట్టడమే మానేశాడు.

ఇక నకిలీల సంగతి. మా పిన్నిది పాలకొల్లు. పెళ్లికాకముందు మద్రాసుకి ఉత్తరం రాస్తే ఒక పెద్ద హీరో నుంచి పోస్టుకార్డు సైజు ఫోటో వచ్చింది, కింద నీలిరంగు సంతకంతో. యాభై ఏళ్లకు పైగా పట్టుచీర మడతలో దాచుకుంది. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. పెన్నుతో రాసిన గీత అయితే మలుపు దగ్గర సిరా కాస్త చిక్కగా నిలుస్తుంది, గీత మీద గీత వెళ్లినచోట ముదురుతుంది, వెనక్కి తిప్పి వేలితో తడిమితే ఒత్తిడి కూడా తెలుస్తుంది. ఇందులో అవేవీ లేవు. హీరో ముఖం ఎలా చుక్కలు చుక్కలుగా విడిపోయిందో, సంతకమూ అలాగే విడిపోయింది. ఫోటోతో పాటే అచ్చయిందన్నమాట. పిన్ని పక్కనే నిలబడి "ఎంత చక్కగా రాశాడో చూశావా" అంది. ఔనన్నాను.

జ్ఞాపకానికి ధర కట్టడమేంటని కొందరంటారు. ఆ రోజు, ఆ గుంపు, ఆ నవ్వు, అవే తమ ఆస్తి అంటారు. నిజమే, దాన్ని కాదనను. కానీ ఆ జ్ఞాపకం మనిషితోనే ఉంటుంది. పుస్తకం మనవడి చేతికొచ్చేసరికి అందులో మిగిలేది ఒక వంకర గీత. ఊరు, తేదీ, సందర్భం లేని సంతకం ఎవరికీ ఏమీ చెప్పదు. గాంధీజీ హరిజన నిధి కోసం సంతకానికి 5 రూపాయలు తీసుకునేవారు. ఫలానా ఊరిలో, ఫలానా రోజున, ఫలానా అమ్మాయి దాచుకున్న డబ్బులిచ్చి తీసుకుందని పక్కన రాసి ఉంటే ఆ కాగితం చరిత్ర అవుతుంది.

నా అసలు బాధ ఇక్కడే ఉంది. ఆ ఫోటో ఉన్న ట్రంకుపెట్టెలోనే అడుగున ఒక ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. 1986 ఆగస్టు వరద తర్వాత కోనసీమ లంక నుంచి తాతయ్య పిన్నికి రాసింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఆ అంకె రికార్డుల్లో ఉంది. ఉత్తరంలో ఉన్నది వేరు: "నీళ్లు అరుగు మునిగి గడప దాకా వచ్చాయి. గేదెల్ని ఏటిగట్టు ఎక్కించాం. గాదెలో అడుగు ధాన్యం మొలకెత్తింది. అరటితోట పోయింది. కంగారు పడకు, పడవ మామూలయ్యాక వస్తాను." కింద పేరు కూడా లేదు, "ఆశీస్సులతో నాన్న" అని ఉందంతే. ఆ ఇంటికి సంబంధించినంతవరకు ఇంత పనికొచ్చే చేవ్రాలు ఇంకోటి లేదు.

ఇలాంటి కాగితాలు డెల్టాలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! వీరేశలింగం తిరిగిన నేల ఇది. 1923 కాంగ్రెస్ మహాసభ కాకినాడలో జరిగింది. గ్రంథాలయోద్యమానికి ఊపిరి పోసిన అయ్యంకి వెంకటరమణయ్యది ఈ గోదావరి సీమే. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, 28 ఏళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు చిత్రాలున్న గ్యాలరీ ఉన్నాయంటే, ఒకప్పుడు ఎవరో పూనుకుని దాచారు కాబట్టే. మరి మన తరం దాస్తున్నదేమిటి? ఇక్కడి చెమ్మకు కాగితం మెత్తబడుతుంది, చెదలు పడుతుంది. అవి వదిలేసినవి పాత పేపర్లవాడి తక్కెట్లో కిలోల లెక్కన వెళ్లిపోతున్నాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక స్కానర్ పెట్టి, జనం తెచ్చిన ఉత్తరాలు, పద్దు పుస్తకాలు స్కాన్ చేసుకుని ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేస్తే చాలు. వారానికి ఒక్క పూట చేసినా సరే. ఇదేమీ కోట్లు ఖర్చయ్యే పని కాదు.

అది జరిగేలోగా మనింట్లో మనం చేయగలిగిందీ ఉంది. లామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. వెనకవైపు పెన్సిల్‌తో ఎవరు, ఎవరికి, ఎప్పుడు అన్నది రాసిపెట్టండి. భోగికి అటకలు దులుపుతారు కదా, దారం కట్టిన కాగితాల కట్ట ఏదైనా కిందికి దిగితే, మంటలో వేసేముందు ఆ ముడి విప్పి పైనున్న ఉత్తరం ఒక్కటైనా చదవండి.