వారానికి 81 గంటలు ఎవరివి?

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా, దానివల్ల మాట, నలుగురితో మెలగడం వేరేలా ఉంటాయి. అది ఉన్న పిల్లలకు వారానికి రెండు మూడు గంటల థెరపీ (నిపుణులు ఇచ్చే శిక్షణ) దొరికితే అదే గొప్ప. రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటారనుకున్నా వారానికి 84 గంటలు. అందులో మూడు తీసేస్తే మిగిలే 81 గంటలు దాదాపుగా ఇంటి మీదే పడతాయి, ఇంట్లోనూ ఎక్కువగా ఒక్క మనిషి మీద. ఆ మనిషి చాలాచోట్ల తల్లి. ఇక రాత్రుళ్ల సంగతి వేరే. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర ఇబ్బందులుంటాయి. పిల్లవాడు అర్ధరాత్రి రెండింటికి లేచి ఆడుకుంటుంటే ఇంట్లో ఒకరు మేలుకుని ఉండాల్సిందే, తెల్లారాక పనికీ వెళ్లాల్సిందే.

ఈ 81 గంటల్లో చుట్టూ ఉన్నవాళ్లు ఎన్ని పంచుకుంటున్నారు? ఈ కుటుంబాలకు తోడ్పాటు గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ లెక్క చెప్పాలి. 2007లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసిన నాటి నుంచి ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా జరుపుకుంటున్నాం. సభలు, ర్యాలీలు, భవనాల మీద నీలి దీపాలు. అవగాహన పెరిగింది, సంతోషం. కానీ ఏప్రిల్ 3న ఆ తల్లికి పన్ను నొప్పి వస్తే, డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చేదాకా పిల్లవాడిని చూసుకునే మనిషి ఇంకా దొరకడం లేదు.

"ఏ సాయం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అని అందరూ మనస్ఫూర్తిగానే అంటారు. అయినా ఆ కుటుంబాలు అడగవు. అడగాలంటే ముందు పిల్లవాడి గురించి అంతా మొదటి నుంచి వివరించాలి. తమ బిడ్డ కొరుకుతాడేమో, వాళ్లింట్లో వస్తువులు పగలగొడతాడేమో అన్న భయం ఉంటుంది. గతంలో ఒకసారి అడిగి, అవతలివాళ్లు నీళ్లు నమలడం చూసి ఉంటారు. అందుకే సాయం అడిగించుకునే పద్ధతిలో ఉండకూడదు. "మంగళవారం సాయంత్రం 5 నుంచి 6.30 దాకా నేను వస్తాను, ప్రతి వారం వస్తాను" అన్నది సాయం. రోజు, గంట, మనిషి ఈ మూడూ ఖాయమైతేనే ఆ తల్లి దాన్ని నమ్ముకుని ఒక పని పెట్టుకోగలదు.

నలుగురు చాలు, కానీ ఆ నలుగురే రావాలి

ఒక కుటుంబం చుట్టూ నలుగురి నుంచి ఆరుగురు నిలబడితే చాలు. ఇరవై మంది పేర్లు రాసుకుని వారానికొకరు రావడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. ఆటిజం ఉన్న పిల్లలకు కొత్త ముఖం, కొత్త గొంతు, కొత్త వాసన ప్రతిదీ తేల్చుకోవాల్సిన విషయమే. మనిషి మారినప్పుడల్లా అలవాటు పడే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎవరు ఏ రోజు వస్తారో చూసుకునే బాధ్యత ఆ ఆరుగురిలో ఒకరు తీసుకోవాలి. ఫోన్లు చేసి మనుషులను సర్దే పని కూడా తల్లికే అప్పగిస్తే, సాయం పేరుతో ఆమెకు ఇంకో ఉద్యోగం ఇచ్చినట్టే.

మొదటి రోజే పిల్లవాడిని అప్పజెప్పించుకోవద్దు. మొదటిసారి అరగంట ఊరికే అదే గదిలో కూర్చోవాలి. పలకరించి చేతులు పట్టుకోకూడదు, ముద్దు చేయకూడదు, కళ్లలోకి చూడమని బలవంతపెట్టకూడదు. రెండో రాకలో పిల్లవాడు చేసే పనికి దగ్గరగా కూర్చుని అదే పని పక్కన చేయాలి. అతను బొమ్మకారు చక్రం తిప్పుతుంటే మనమూ ఇంకో చక్రం తిప్పాలి. మూడోసారి తల్లి పక్క గదిలోకి వెళ్లవచ్చు. నాలుగోసారి ఒక పావుగంట వీధి చివరిదాకా వెళ్లి రావచ్చు. కొందరు పిల్లలకు ఈ నాలుగు మెట్లు పది అవుతాయి. తొందరపడితే ఆ భయం గుర్తుండిపోయి, తర్వాత ఆ మనిషిని చూస్తేనే ఏడుపు మొదలవుతుంది.

ఇంట్లో ఒక కాగితం రాసి తలుపు వెనక అంటించి ఉంచాలి. ఒక్క పేజీ దాటకూడదు, దాటితే ఎవరూ చదవరు. పిల్లవాడు ఏం కావాలో ఎలా చెబుతాడు, నీళ్లకు ఏ సైగ, బాత్రూమ్‌కు ఏ సైగ. ఏ శబ్దం భరించలేడు. కలత పడబోయే ముందు ఏం చేస్తాడు: చెవులు మూసుకుంటాడా, గుండ్రంగా తిరుగుతాడా, ఒకే మాట పదేపదే అంటాడా. అప్పుడు ఏది శాంతపరుస్తుంది. ఏ తిండి పడదు, మూర్ఛ ఉందా, వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఆటిజంతో పాటు మూర్ఛ ఉండటం అరుదేమీ కాదు, కాబట్టి ఆ ఒక్క వరుసను వదిలేయకండి.

ఇలాంటి బృందాలు ఎక్కువగా రెండో నెలలో విడిపోతాయి. పిల్లవాడు తమను పట్టించుకోవడం లేదని, నవ్వడం లేదని వచ్చినవాళ్లు నొచ్చుకుంటారు. ఆ పిల్లవాడు వాళ్లను చూసి పారిపోకుండా అదే గదిలో ఉంటున్నాడంటే అదే పెద్ద అంగీకారం అని ముందే చెప్పి ఉంచాలి. ఇంకో కారణం, మొదట్లోనే వారానికి మూడు రోజులు వస్తామని మాటిచ్చేయడం. వారానికి ఒక్కసారి, గంటన్నర, ఏడాదిపాటు నిలబెట్టుకోగలిగేంత మాత్రమే ఒప్పుకోవాలి.

"ఇంకొంచెం ఆగి చూడండి" అనే సలహా

సాయం అనుకుని చేసే హాని ఒకటుంది. తల్లికి అనుమానం వచ్చి నోరు విప్పగానే, చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని సర్దిచెబుతారు. ఏడాది నిండినా ముద్దుమాటల్లాంటి శబ్దాలు లేకపోయినా, వేలు పెట్టి చూపించడం, టాటా చెప్పడం లాంటివి రాకపోయినా, 16 నెలలకు ఒక్క పదమైనా రాకపోయినా, రెండేళ్లకు రెండు పదాలు కలిపి సొంతంగా అనలేకపోయినా ఆగకూడదు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి. మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. పిలిస్తే పలకకపోవడానికి చెవుల్లో లోపం కారణం కాదని తేల్చుకోకుండా ముందుకు వెళ్లడం పొరపాటు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది, తల్లిదండ్రులు కొద్ది నిమిషాల్లో నింపవచ్చు. అది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని లోతుగా పరీక్షించాలో చెప్పే జల్లెడ మాత్రమే. పేరు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరమూ లేదు. మాట ఆలస్యమైతే దానికి చేయాల్సిన సాధన, అది ఆటిజమని తేలినా తేలకపోయినా, ఇవాళే మొదలుపెట్టవచ్చు.

తల్లిని నిందించడం ఇంకో పాత జబ్బు. 1943లో అమెరికాలో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజం గురించి రాసిన తర్వాత, రెండు దశాబ్దాలకు పైగా వైద్యరంగమే ఈ నేరాన్ని తల్లుల మీద మోపింది: మనసులో ప్రేమ లేని తల్లి వల్ల బిడ్డ ఇలా అయ్యాడని. దాన్ని పడగొట్టడంలో ముందున్నవాళ్లు తల్లిదండ్రులే. 1962లో బ్రిటన్‌లో తల్లిదండ్రులే కలిసి సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో ఆటిజం ఉన్న కొడుకున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో, దీని మూలం మెదడు ఎదుగుదలలో ఉందని వాదిస్తూ పుస్తకం రాశారు. మరుసటి ఏడాది అక్కడి తల్లిదండ్రులతో కలిసి జాతీయ స్థాయి సంఘానికి పునాది వేశారు. ఇవాళ బంధువుల ఇళ్లలో "నువ్వు ఫోన్ ఇవ్వడం వల్లే", "నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్లే" అనే మాటలు ఆ పాత నిందకు కొత్త రూపాలు. టీకాల వల్లే ఆటిజం అన్న పుకారూ అంతే. దానికి ఆధారంగా చెప్పిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

తల్లిదండ్రుల సమావేశాలు ఎందుకు పలచబడతాయి

నెలకోసారి సమావేశం పెడతారు, మొదటిసారి ముప్పై మంది వస్తారు, నాలుగో నెలకు ఐదుగురు మిగులుతారు. పిల్లలను ఎక్కడ వదిలి రావాలో ఎవరూ ఆలోచించకపోవడమే దీనికి ముఖ్య కారణం. అదే ఆవరణలో పక్క గది కావాలి, అందులో ఒకరిద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున ఉండాలి. తలుపు గడియ పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి, మైకు మోతలు ఉండకూడదు. ఇది కుదరకపోతే సమావేశం పెట్టకపోవడమే నయం. నిన్ననే ఆటిజమని తెలిసిన రెండేళ్ల పాప తల్లినీ, పదిహేనేళ్ల కొడుకు కొడుతుంటే ఆపలేకపోతున్న తండ్రినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం రెండో తప్పు. ఒకరికి గుండె జారిపోతుంది, ఇంకొకరికి తన మాట చెప్పుకునే చోటే దొరకదు. కొత్తగా తెలిసిన కుటుంబాన్ని, ఇలాంటి బిడ్డనే పెంచి నాలుగైదేళ్లు దాటిన ఒక్క కుటుంబంతో జత చేయడం ఎక్కువ ఫలితమిస్తుంది. అయితే ఆ అనుభవజ్ఞులకు ముందు కొంత శిక్షణ కావాలి: ఎక్కువ వినడం, మందుల పేర్లు చెప్పకపోవడం, తమ బిడ్డకు పనికొచ్చింది అందరికీ పనికొస్తుందని చెప్పకపోవడం.

సంఘం ఒక నియమాన్ని గట్టిగా పెట్టుకోవాలి. ఎవరూ అక్కడ ఏదీ అమ్మకూడదు. "ఆరు నెలల్లో నయం చేస్తాం" అనేవాళ్లు ముందు వెతుక్కునేది ఇలాంటి గుంపులనే. శరీరంలోని లోహాలను తీసేస్తామంటూ చేసే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల పిల్లవాడు చనిపోయాడు. బ్లీచింగ్ ద్రావణాన్ని మందని తాగించినవాళ్లూ ఉన్నారు. ఎవరైనా కొత్త చికిత్స పేరు తెస్తే సభ్యులు అడగాల్సినవి: ఇది ఏ మార్పు తెస్తుంది, దాన్ని ఎలా కొలుస్తారు, ఎన్ని వారాల్లో కనిపించకపోతే ఆపేస్తారు, హాని ఏమిటి? నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పలేని చికిత్సను ఇంటికి తీసుకువెళ్లకూడదు.

సమావేశాల కన్నా విలువైనది ఇంట్లో ఆచరించగల నైపుణ్యం. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శిక్షణలో తొమ్మిది బృంద తరగతులు, మూడు గృహ సందర్శనలు ఉంటాయి. దాన్ని నడపడానికి నిపుణులే కానక్కర్లేదు, తగిన శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు చాలు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో కూడా, నిపుణులు కాని కార్యకర్తలు 12 విడతల్లో నేర్పితే తల్లిదండ్రుల స్పందన మెరుగైంది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. నేర్పేవి చూడటానికి చిన్నవే. పిల్లల కళ్ల ఎత్తుకు దిగి ఎదురుగా కూర్చోవడం. వాళ్ల చూపు ఎక్కడుంటే దాని గురించే మాట్లాడటం. ఒక్క మాట అని, ఐదు నుంచి పది సెకన్లు నోరు మూసుకుని ఆగడం. ఈ చివరిదే అందరికీ కష్టం. ఆ మౌనం భరించలేక పెద్దవాళ్లు ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు, పిల్లవాడికి జవాబు కూడగట్టుకునే వ్యవధే ఉండదు. పిల్లవాడు "నీళ్లు" అంటే మనం "చల్లని నీళ్లు" అనాలి, ఒక్క పదమే పెంచాలి. కావాల్సింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు ఇస్తే మాటలు రావని అమ్మమ్మలు, తాతయ్యలు అడ్డుపడతారు. పరిశోధనల్లో అలాంటి నష్టమేమీ కనిపించలేదు, కొందరికి మాట పెరిగింది కూడా. అలాగే పిల్లవాడి కోసమని ఇంటి భాష మానేసి వేరే భాషలోకి మారనవసరం లేదు. ఇంటిల్లిపాదీ మాట్లాడే భాషను దూరం చేస్తే ఆ పిల్లవాడితో మాట్లాడేవాళ్లే తగ్గిపోతారు.

ఇరుగుపొరుగు తప్పక తెలుసుకోవాల్సింది

అమెరికాలో 1,218 మంది ఆటిజం పిల్లల కుటుంబాలను అడిగి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా ఇంటి నుంచో బడి నుంచో వెళ్లిపోవడానికి ప్రయత్నించినవాళ్లు 49 శాతమని తేలింది. ఇలా వెళ్లినవారికి పెద్ద ప్రమాదాలు వాహనాలు, నీళ్లు. చాలామంది పిల్లలను నీళ్లు ఆకర్షిస్తాయి. అందుకే పిల్లవాడు కనిపించలేదని తెలియగానే ముందు వెతకాల్సింది దగ్గర్లోని చెరువు, కాలువ, బావి, తొట్టి. ఇంట్లో వెతికి, వీధిలో వెతికి చివరకు నీళ్ల దగ్గరికి వెళ్తే ఆలస్యమైపోతుంది. చుట్టుపక్కల పది ఇళ్లకు పిల్లవాడి ఫోటో, తల్లిదండ్రుల ఫోన్ నంబరు ముందే ఇచ్చి ఉంచాలి. ఎవరికి ఏ నీటి దగ్గరికి పరుగెత్తాలో ముందే పంచుకోవాలి. కనిపిస్తే అరుస్తూ వెంటపడకూడదు, అది ఆటనుకుని ఇంకా పరుగెత్తుతాడు, లేదా భయపడి రోడ్డు మీదికి దూకుతాడు. ముందుకు వెళ్లి దారికి అడ్డంగా నిలబడి, అతనికి ఇష్టమైన వస్తువు చూపించాలి. ఇంట్లో తలుపు తెరిస్తే మోగే అలారం పెట్టాలి. ఈతకు అలవాటైన పిల్లవాడైనా నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు.

బజారులో పిల్లవాడు నేలమీద పడి గిలగిలా కొట్టుకుంటుంటే అది మొండితనం కాకపోవచ్చు. కావాల్సింది ఇస్తే ఆగేది మారాం. శబ్దం, వెలుతురు, జనం భరించలేక నరాలు తాళలేని స్థితి వస్తే ఏమిచ్చినా ఆగదు, తగ్గడానికి సమయం పడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరగాలి, మాటలు తగ్గించాలి, వీడియో తీస్తున్నవాళ్లను ఆపాలి. ఒక్కరు మాత్రం తల్లి దగ్గరికి వెళ్లి మెల్లగా "సంచీ పట్టుకోమంటారా, చోటు ఖాళీ చేయించమంటారా?" అని అడగాలి. తల పగలగొట్టుకుంటుంటే కింద మెత్తని గుడ్డ పెట్టవచ్చు. చేతులు కాళ్లు అదిమి పట్టవద్దు.

ఇక తోబుట్టువులు. అన్న కోసం సర్దుకుపోవడం నేర్చుకున్న చెల్లెలు నోరు తెరిచి ఏదీ అడగదు. వారానికి ఒక గంట తల్లితోనో తండ్రితోనో ఆమె ఒక్కతే గడిపేలా చూడటం ఆ ఆరుగురిలో ఒకరి పని కావాలి.

పిల్లవాడు ముద్దుగా ఉన్నన్నాళ్లు వచ్చేవాళ్లు, పన్నెండేళ్లు దాటి ఒళ్లు పెరిగి గొంతు మారాక రావడం మానేస్తారు. నిజానికి కుటుంబానికి మనుషుల అవసరం పెరిగేది అప్పుడే. తల్లిదండ్రుల వయసు కూడా పెరుగుతుంది. కాబట్టి పిల్లవాడికి పదేళ్లు రాకముందే ఆ బృందం కూర్చుని ఒక ఏర్పాటు రాసుకోవాలి. రేపు పొద్దున తల్లి ఆసుపత్రిలో చేరితే మొదటి రాత్రి ఎవరింట్లో పడుకుంటాడు, మూడో రోజు ఎవరు బడికి తీసుకెళ్తారు, మందుల చీటీలు, పరీక్షల రిపోర్టుల నకళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఇంటి తాళం ఇంకొకటి ఎవరి దగ్గర ఉంటుంది. రాసుకున్న తర్వాత ఏ ఇబ్బందీ లేని ఒక మామూలు శనివారం ఆ మొదటి రాత్రిని నిజంగా జరిపి చూడాలి. దుప్పటి మారితే నిద్రపోడని, రాత్రిపూట ఫ్యాను శబ్దం లేకపోతే లేచి కూర్చుంటాడని కాగితం మీద తెలియదు. తెలిసినవన్నీ తలుపు వెనక కాగితంలో చేర్చి, ఆరు నెలలకోసారి మళ్లీ రాయాలి.