రబ్బరు స్టాంపుతో పోలిక కుదరదు
ప్యాడ్ ప్రింటింగ్ (చెక్కిన ప్లేటులోని ఇంకును మెత్తటి సిలికాన్ ప్యాడ్‌తో ఎత్తి వస్తువు మీద అద్దే పద్ధతి) రబ్బరు స్టాంపు లాంటిదేనని దాని గురించిన ఓ వ్యాసంలో రాశారు, అది సరికాదు. స్టాంపులో అక్షరం ఉబ్బి ఉంటుంది. ఇక్కడ ప్లేటు మీద సుమారు 25 మైక్రాన్ల లోతున చెక్కి ఉంటుంది, సిలికాన్ ప్యాడ్ మాత్రం నున్నగా ఉంటుంది. గుంటలోని ఇంకులో థిన్నర్ కాస్త ఎగిరిపోయి పైపొర జిగురెక్కితేనే ప్యాడ్‌కు అంటుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లో ఓ చిన్న యూనిట్‌లో నాలుగేళ్లు స్విచ్చుల మీద, పెన్నుల మీద ఈ పనే చేశాను. మే నెల వస్తే టెన్షనే: ప్యాడ్ దిగేలోపే ఇంకు ఆరిపోయి అక్షరాలు సగమే పడేవి. ఫ్యాను మావైపు తిప్పుకుంటే ఓనరు అరుపులు! నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే గానీ దారికొచ్చేది కాదు. ఇక పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ మూతలకు ముందు మంట చూపించకపోతే, గోటితో గీకినా అచ్చు లేచొచ్చేది.