సింగిల్ మాల్ట్‌కి 89 మార్కులు... ఎన్నో గ్లాసులో, ఏ నీళ్లతో?

ఒక సింగిల్ మాల్ట్‌కి, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీకి, 87 మార్కులు పడ్డాయి, పక్కదానికి 89. ఈ తేడా చూసి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి రెండోది కొనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ 2 మార్కులు నిజంగా విస్కీలో ఉన్నాయా, లేక రుచి చూసిన మనిషి నాలుక ఆ పూట అలా ఉందా? ఇది తేల్చకుండా వేసే రేటింగ్‌కి విలువ లేదు. తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, ఒక గ్లాసు అదనంగా ఉంటే చాలు.

గ్లాసులు ఐదు పెట్టండి. విస్కీలు మాత్రం నాలుగే. వాటిలో ఏదో ఒకటి రెండు గ్లాసుల్లో ఉండాలి. పోసేవాళ్లు వేరే ఉండాలి, గ్లాసు అడుగున నంబరు అంటించేదీ వాళ్లే. ఒక్కోదాంట్లో 15 మిల్లీలీటర్లు చాలు. మార్కులు వేశాక నంబర్లు తిప్పి చూడండి. జంట గ్లాసుల్లో ఒకదానికి 84, మరోదానికి 88 వేసి ఉంటే, ఆ పూట 4 మార్కుల లోపు తేడాలన్నీ లెక్కలోంచి తీసెయ్యాల్సిందే. ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా ఈ పరీక్ష తప్పదు. పైగా 100కి అంటారు గానీ, వాడుకలో మార్కులన్నీ 75కీ 93కీ మధ్యే తిరుగుతాయి. అంత ఇరుకు చోట 4 మార్కుల పొరపాటు చిన్నది కాదు.

ఈ పొరపాటు ఎక్కువగా వరుసలో వస్తుంది. ఆర్డ్‌బెగ్ లాంటి పొగ విస్కీ తాగిన నోటికి, ఆ వెంటనే 40 శాతం ఆల్కహాల్ ఉన్న స్పేసైడ్ (స్కాట్లాండ్‌లో ఒక ప్రాంతం) మాల్ట్ ఇస్తే నీళ్లలా ఉంటుంది. మెత్తనివి ముందు, షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాలవి తర్వాత, పీట్ పొగవి చివర ఉండాలి. పీట్ అంటే బార్లీ ఆరబెట్టడానికి కాల్చే, కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ మట్టి. పీట్ విషయంలో ఇంకో మాట. 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) ఫినాల్, అంటే పొగ వాసననిచ్చే పదార్థం, అని చెప్పే అంకె ఎండబెట్టిన బార్లీ మాల్ట్‌ది, సీసాలో ఉన్న మద్యానిది కాదు. బట్టీలోనూ పీపాలోనూ అందులో చాలా భాగం పోతుంది. ఆ అంకె చూసి పొగ ఎంతో ఊహించి మార్కులు వెయ్యకూడదు.

తర్వాతది ఆల్కహాల్ ఘాటు. స్కాచ్‌కి (స్కాట్లాండ్ విస్కీకి) చట్టం పెట్టిన కనీస ఆల్కహాల్ బలం 40 శాతం. గ్లెన్‌ఫార్‌క్లాస్ 105 అయితే 60 శాతం. రెండింటినీ ఉన్నవున్నట్టు పక్కపక్కన పెడితే రెండోదాని ఆల్కహాల్ ముక్కుని మొద్దుబారుస్తుంది. స్కాట్లాండ్‌లో బ్లెండర్లు (విస్కీలు కలిపే నిపుణులు) వాసన చూసేటప్పుడు 20 శాతం దాకా పలచన చేసేది ఇందుకే. లెక్క సులువు: విస్కీ కొలతని దాని బలంతో హెచ్చించి, కావలసిన బలంతో భాగిస్తే మొత్తం ఎంత కావాలో వస్తుంది. 60 శాతం విస్కీ 20 మిల్లీలీటర్లని 46కి దించాలంటే నీళ్లు 6 మిల్లీలీటర్లు. మందుల షాపులో దొరికే సిరంజితో కొలవండి, చేత్తో చిలకరిస్తే లెక్క ఉండదు.

ఆ నీళ్లే మన దగ్గర అసలు చిక్కు. మునిసిపల్ కొళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటుంది, బోరు నీళ్లలో ఉప్పు, సున్నం. ఆర్డ్‌బెగ్ లాంటివి తయారయ్యే స్కాట్లాండ్ ఐలా దీవి విస్కీల్లో సహజంగానే టింక్చర్ అయోడిన్ లాంటి మందు వాసన ఉంటుంది. దానికి క్లోరిన్ తోడైతే ఏది దేనిదో చెప్పడం కష్టం. లవణాలు తక్కువున్న సీసా నీళ్లు వాడండి. మే నెల విజయవాడలో, ఏసీ లేని గదిలో మాత్రం రేటింగ్ పెట్టుకోవద్దు. 38 డిగ్రీల్లో ముక్కుకి మొదట తగిలేది ఆల్కహాల్ ఆవిరే. 20 డిగ్రీల దగ్గర నడిపించాలి. ఐసు వేస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, వాసన ముడుచుకుపోతుంది.

ఆర్డ్‌బెగ్ 10 ఏళ్లది, 46 శాతం, తులిప్ ఆకారపు గ్లాసులో 20 మిల్లీలీటర్లు తీసుకుని చూడండి. మొదట తారు, పొగ, నిమ్మతొక్క. పది నిమిషాలాగి 5 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే బలం 37 దగ్గరికి దిగుతుంది. పొగ కాస్త వెనక్కి తగ్గి వెనిలా తీపి ముందుకొస్తుంది. మింగాక మిరియం, చల్లారిన బొగ్గు. ఈ రెండు దశలూ రాసుకోకుండా ఒకే అంకె వేస్తే సగం విస్కీని వదిలేసినట్టే. వాసనలకి పేర్లు మన వంటింట్లోంచే తెచ్చుకోవచ్చు. బర్బన్ (అమెరికా విస్కీ) పీపాలో పెరిగిన మాల్ట్‌లో ఎండుకొబ్బరి వాసన ఉత్త ఊహ కాదు, ఓక్ చెక్కలోని లాక్టోన్లు ఇచ్చేదే అది. షెర్రీ పీపాకి తాటిబెల్లం పాకం, ఖర్జూరం బాగా అతుకుతాయి. ఎప్పుడూ చూడని, స్కాట్లాండ్ కొండల మీద పూసే హెదర్ పూల పేరు రాసుకుంటే, రేపు ఆ నోట్సు చదివినప్పుడు ఆ వాసన గుర్తుకు రాదు.

రంగుకి ఒక్క మార్కు కూడా వద్దు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది. వయసుకీ వద్దు. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే, అమృత్ విస్కీలు పెరిగే బెంగళూరు వేడిలో దానికి ఎన్నో రెట్లు పోతుంది. చెక్కతో కలయిక కూడా అంత వేగంగానే సాగుతుంది. ఇక్కడి ఐదేళ్లనీ అక్కడి పన్నెండేళ్లనీ ఏళ్ల లెక్కన పోల్చడం కుదరదు.

తడిసిన అట్టముక్క వాసన వస్తే అది బిరడా తప్పు, విస్కీది కాదు. మార్కులు ఆపి రెండో సీసా తెరవండి. కాల్చిన అగ్గిపుల్ల, రబ్బరు వాసన మాత్రం చాలాసార్లు గంధకం పొగ పట్టించిన షెర్రీ పీపాలోంచి వచ్చేది. దానికి మార్కులు కొయ్యాల్సిందే. నెలల తరబడి పావు వంతే మిగిలిన సీసాలోంచి పోస్తే గాలి తగిలి చప్పబడి ఉంటుంది కాబట్టి, సీసాలో ఎంత మిగిలుందో కూడా పక్కనే రాయాలి: 86, జంట గ్లాసుల తేడా 3, 46 నుంచి 37కి పలచన, సీసా సగం, నాలుగో గ్లాసు.