సవరణ: కస్తూరి పుట్టే చోటు
టిబెటన్ వైద్యంలో కస్తూరి వాడకం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, అది ఆడా మగా తేడా లేకుండా కస్తూరి మృగాలన్నిటికీ నాభిలోనే పుడుతుందని పేర్కొన్నాను. అది తప్పు. జంతుశాస్త్ర గ్రంథాల ప్రకారం, ఎదిగిన మగ మృగానికి మాత్రమే, నాభికీ జననాంగానికీ నడుమ చర్మం కింద ఉండే సంచిలాంటి గ్రంథిలో కస్తూరి తయారవుతుంది. ఆ గ్రంథిని ఎండబెట్టి కోస్తే ముదురు గోధుమ రంగు పలుకులు కనిపిస్తాయి. ఒక్కో గ్రంథిలో దొరికేది సుమారు 25 గ్రాములే. విషానికి, క్రిములకు, మూత్రపిండాల, కాలేయ వ్యాధులకు, అంటురోగాలకు ఇది మందని టిబెటన్ వైద్యుల మూలగ్రంథం ‘గ్యూషీ’ చెబుతుందన్న మాటలో మార్పు లేదు. ఈ సవరణ చిన్న విషయం కాదు: వేటగాళ్ల ఉచ్చులు మగవాటినే ఎంచి పట్టవు కనుక, కస్తూరే లేని ఆడ మృగాలూ పిల్లలూ వాటిలో చిక్కి చనిపోతున్నాయి.