లేత్ మీద చెయ్యదగ్గదేది, చెయ్యకూడనిదేది

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో దొరకని పార్టు ఉండదని లారీ ఓనర్లు అంటారు. దొరక్కపోతే చేసి ఇస్తారు కూడా. అరిగిన బుష్ చూపిస్తే సాయంత్రానికి టర్నర్ కొత్తది చేతిలో పెడతాడు, విరిగిన బ్రాకెట్‌కి వెల్డర్ అచ్చుపోసినట్టు జోడీ తయారుచేస్తాడు. కంపెనీ షోరూములో 'అసెంబ్లీ మొత్తం మార్చాల్సిందే' అన్న మాట విని వచ్చిన బండి ఇక్కడ పదో వంతు ఖర్చుతో రోడ్డెక్కుతుంది. ఈ పనితనాన్ని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇంధన వ్యవస్థ మారిపోయింది. కార్బురేటర్ కాలంలో అలవాటైన చేతులతోనే ఇప్పుడు ప్రెజర్ లైన్లు విప్పుతున్నారు. అసలు ప్రమాదం పని రాకపోవడంలో లేదు, పాత పని బాగా రావడంలోనే ఉంది.

కార్బురేటర్ బైకులో పెట్రోలు ట్యాంకు నుంచి తన బరువుతో తాను కిందికి దిగేది. పైపు ఊడితే బొట్టుబొట్టుగా కారేది, కాక్ తిప్పితే ఆగేది. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్‌-6 వచ్చాక టూవీలర్లు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. ట్యాంకులోనే మోటారు ఉంటుంది, లైన్లో 3 బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో). ఈ లైనుకి మీటర్ల లెక్కన అమ్మే పాత రకం పెట్రోలు పైపు తొడిగి క్లిప్పు బిగిస్తే మొదటి రోజు ఏమీ కాదు. ఇంజిన్ వేడికి రబ్బరు మెత్తబడ్డాక, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఉబ్బాక, సన్నటి పగులు పడుతుంది. అప్పుడు పెట్రోలు కారదు, తుంపరలా చిమ్ముతుంది. కింద సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. ఇంజెక్షన్ లైన్లకు వేరే రకం పైపు ఉందనీ, దాని మీద ఆ గ్రేడు ముద్ర ఉంటుందనీ చెప్పే షాపులు తక్కువ. అడిగే మెకానిక్‌లు ఇంకా తక్కువ.

డీజిల్ సంగతి ఇంకా కఠినం. పాత డీజిల్ బండికి ఎయిర్ లాక్ పడితే నాజిల్ దగ్గర యూనియన్ నట్ వదులుచేసి, సెల్ఫ్ కొట్టి, బుడగలు పోయి డీజిల్ రాగానే బిగించేవాళ్లు. ఆ తరం మెకానిక్‌లందరికీ ఇది వెన్నతో పెట్టిన విద్య. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లో ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం (రైల్) నుంచి డీజిల్ వెళ్తుంది. అందులో ఒత్తిడి 1600 బార్లు, కొన్నింట్లో 2000 కూడా దాటుతుంది. ఆ లైన్ నట్ నడుస్తున్న ఇంజిన్ మీద వదులుచేస్తే వచ్చే డీజిల్ కంటికి కనిపించనంత సన్నటి ధార. లీకు ఎక్కడుందో చూద్దామని వేలు పెడితే చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన సూది గుచ్చినంత గాటే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. కొన్ని గంటల్లో లోపలి కండ చచ్చుబడటం మొదలవుతుంది. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసెయ్యాల్సి రావచ్చు. కట్టు కట్టి పంపించే గాయం కాదిది, డాక్టరుకి 'ప్రెజర్ డీజిల్ లోపలికి పోయింది' అని చెప్పి తీరాలి. లీకు వెతకాలంటే అట్టముక్క పట్టుకోవాలి తప్ప చెయ్యి కాదు.

ఆ రైల్ గొట్టానికీ ఇంజెక్టర్‌కీ మధ్య ఉండే స్టీలు పైపు సంగతి కూడా అంతే. దాని కొస ఉబ్బుగా ఉండి సీటులో కూర్చుంటుంది. బిగించినప్పుడు ఆ లోహం కొద్దిగా నలిగి ఆ సీటుకే అచ్చంగా ఒదుగుతుంది. అందుకే చాలా కంపెనీల మాన్యువళ్లు విప్పిన ప్రతిసారీ కొత్త పైపు వెయ్యమంటాయి. మన దగ్గర అదే పైపు నాలుగోసారి కూడా ఎక్కుతుంది. కారకపోతే 'పాసు'.

ఇక సీఎన్‌జీ, అంటే నొక్కి నింపిన సహజవాయువు (ఎక్కువగా మీథేన్). లారీ టైరులో గాలి ఎనిమిది బార్లకు అటూఇటూ ఉంటుంది. అది పగిలితేనే పంక్చర్ షాపులో మనుషులు పోయిన ఘటనలు మనకు తెలుసు. సీఎన్‌జీ సిలిండర్లో 200 బార్లు. అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 200 కిలోలు. సిలిండర్ మెడలో వాల్వు మర 25 మి.మీ. వ్యాసం అనుకుంటే, ఆ వాల్వుని బయటికి తోస్తున్న బలం దాదాపు ఒక టన్ను. అరిగిన మరకి టెఫ్లాన్ టేపు ఇంకో రెండు చుట్లు చుట్టి బిగించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు. 60 లీటర్ల సిలిండర్ నిండుగా ఉండగా పగిలితే, మంట అంటుకోకపోయినా, కేవలం ఒత్తిడి వల్లే వెలువడే శక్తి అర కిలో టీఎన్‌టీ పేలుడు పదార్థానికి తగ్గదు.

సిలిండర్ మామూలు ఇనుము కాదు. అతుకు లేకుండా, క్రోమియం మాలిబ్డినం కలిసిన ఉక్కుతో చేసి, వేడిచేసి చల్లార్చి గట్టిదనం తెప్పిస్తారు. దానికి బయట చిన్న క్లాంపు వెల్డింగ్ చేసినా ఆ చోట ఉక్కు గుణం మారిపోయి పెళుసవుతుంది. ఆ రోజు పగలదు. రోజూ నింపడం, ఖాళీ అవడం, గతుకుల రోడ్డు, అన్నీ ఆ పెళుసు చోటునే తడుముతూ ఉంటాయి. వాల్వులో సేఫ్టీ ప్లగ్గు ఉంటుంది, బండికి నిప్పంటుకుంటే కరిగి గ్యాసుని బయటికి వదిలేది అదే. అది లీకవుతోందని బోల్టు చేయించి మూసేస్తే లీకు ఆగుతుంది నిజమే. మంటల్లో ఆ సిలిండర్‌కి ఉన్న దారి కూడా దానితోనే మూసుకుపోతుంది.

సిలిండర్ నుంచి, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ దాకా వెళ్లే ట్యూబు 6 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలుది, అతుకు లేనిది. లేత్ షాపులో దొరికే నాసిరకం 202 గ్రేడు స్టీలు మెరుపులో మేలురకం 304కి ఏమాత్రం తీసిపోదు, కాబట్టి కంటికి తేడా తెలియదు. ఇత్తడి కడ్డీ అయితే ఏ తుక్కు కరిగించి పోసిందో అమ్మేవాడికే తెలియదు. టర్నర్ మర ఎంత నున్నగా కోసినా లోపలి లోహానికి అతను హామీ ఇవ్వలేడు. ఇక్కడ చెయ్యి తిరిగినతనానికి సంబంధం లేదు. రెండు కంపెనీల ఫెర్రూల్ (ట్యూబుని పట్టి ఉంచే రింగు), నట్ కలిపి బిగించడమూ ఇలాంటిదే. ఎక్కుతుంది, పట్టు మాత్రం ఉండదు. లీకు చూడ్డానికి లైటర్ వెలిగించేవాళ్లని నేను చూశాను. సబ్బునీళ్లు చాలు, అమ్మోనియా కలిసిన క్లీనర్లు మాత్రం వద్దు, అవి ఇత్తడిని పగులగొడతాయి.

రెగ్యులేటర్ దాటాక పరిస్థితి వేరు. అక్కడ ఒత్తిడి కొన్ని బార్లే. బండి ఒకటే గానీ అందులో రెండు ప్రపంచాలున్నాయి. మన షాపుల్లో ఈ గీత ఎవరూ గీసి చూపించరు. నా వాదన ఇదే: ఒత్తిడిని మోసే భాగం ఏదైనా లేత్ మీద చెయ్యొద్దు, దాన్ని పట్టి ఉంచే భాగాలు మాత్రం ధైర్యంగా చెయ్యండి. అది తక్కువ పనేమీ కాదు. కార్లలో సిలిండర్‌ని పట్టి ఉంచే ఫ్రేము ముందు దిశలో బరువుకి ఇరవై రెట్లు తట్టుకోవాలని ఐక్యరాజ్యసమితి ఆర్‌-110 నిబంధన చెబుతుంది. గ్యాసుతో కలిపి 70 కిలోలుండే సిలిండర్‌కి అది 1400 కిలోలు. డిక్కీ రేకుకి నాలుగు బోల్టులు కొడితే ఆగదు, ఛాసిస్‌కి పట్టాలి, వెనక మందపాటి ప్లేటు వెయ్యాలి. పట్టీల కింద రబ్బరు ఉండాలి, లేకపోతే చెమ్మ నిలిచి సరిగ్గా ఆ పట్టీ కిందే తుప్పు పడుతుంది. ట్యూబు వేలాడకుండా, అదరకుండా క్లిప్పులు కావాలి. డిక్కీలో లీకయిన గ్యాసు బయటికి పోవడానికి గొట్టం కావాలి. మన ఫ్యాబ్రికేటర్లు కంపెనీల కన్నా బాగా చెయ్యగల పనులు ఇవి.

ఎల్పీజీ గురించి ఒక్క మాట. ఒత్తిడి సీఎన్‌జీతో పోలిస్తే చాలా తక్కువ, అందుకే భయం కూడా తక్కువ. కానీ మీథేన్ తేలికై పైకి పోతే, ఎల్పీజీ బరువెక్కువై సర్వీసు గుంతలో నిలుస్తుంది. వంటగ్యాసు సిలిండర్ నుంచి చిన్న మోటారుతో కారు ట్యాంకులోకి ఎక్కించే షాపులు రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. 2001 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అది నేరం. ట్యాంకు ఎనభై శాతం దగ్గర ఆపే వాల్వు పని చెయ్యని బండి అలా నిండితే మే నెల ఎండకి ద్రవం వ్యాకోచించడానికి చోటుండదు.

చట్టం లేకపోలేదు. బండిని గ్యాసుకి మార్చే కిట్‌కి ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల ఆమోదం ఉండాలి, ఆర్‌సీలో మార్పు నమోదవ్వాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు జరగాలి. ఆ టెస్టు నీళ్లతో చెయ్యడంలోనే తెలివుంది. నీరు పెద్దగా నొక్కుకోదు కాబట్టి సిలిండర్ పగిలినా విస్ఫోటం ఉండదు. వాడకం ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కించి, దించాక ఎంత సాగి ఉండిపోయిందో కొలుస్తారు. అదే పరీక్ష కంప్రెసర్ గాలితో షాపులో చేద్దామనుకునేవాడు బాంబు తయారు చేస్తున్నట్టే. అయితే సెంటర్ జిల్లా దాటి ఉంటే, సిలిండర్ విప్పి పంపి తిరిగి బిగించేదాకా ఆటోవాలాకి ఆ రోజుల కిరాయి పోతుంది. టెస్టు చెయ్యకుండా, టెస్టు అయినట్టు చూపే ప్లేటు మాత్రం మార్చి ఇచ్చే సంత పుట్టేది అక్కడే. జరిమానాలు పెంచడం కన్నా బదులు సిలిండర్ ఇచ్చి పాతది తీసుకునే ఏర్పాటు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

ప్రభుత్వం తర్వాత బాధ్యత తయారీదారులది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసినప్పుడు అందులో వాహనాలు కూడా ఉన్నాయి. ఆ చర్చ ఎక్కువగా ఫోన్ల చుట్టూ, వారంటీల చుట్టూ తిరిగింది. మెకానిక్‌కి నిజంగా కావాల్సినవి వేరు. ఒక్క ఇంజెక్టర్ పైపు విడిగా దొరకాలి. ఒక్క ఫెర్రూల్, ఒక్క సేఫ్టీ ప్లగ్గు, రెగ్యులేటర్ డయాఫ్రం కిట్ విడిగా అమ్మాలి. ఏ నట్ ఎంత టార్క్‌కి బిగించాలో, లైన్లో ఒత్తిడి దించడానికి ఎంతసేపు ఆగాలో తెలుగులో ఒక కాగితం మీద ఉండాలి. ఇప్పుడవన్నీ డీలర్ కంప్యూటర్లో పాస్‌వర్డ్ వెనక ఉన్నాయి. అసెంబ్లీగానే అమ్ముతామని కంపెనీ పట్టుబట్టినంత కాలం ఆ చిన్న ముక్క ఏదో ఒక లేత్ మీద తయారవుతూనే ఉంటుంది.