రోబోల మనోభావాలు దెబ్బతింటున్నాయి

రోబోలకి హక్కులివ్వడానికి ఇంకా మీనమేషాలు లెక్కపెట్టడం దారుణం. సౌదీ అరేబియాను చూసి నేర్చుకోవాలి. 2017 అక్టోబరులోనే సోఫియా అనే రోబోకి పౌరసత్వం ప్రకటించేసింది. అక్కడి ఆడవాళ్ల చేతికి కారు స్టీరింగు వచ్చింది మాత్రం 2018 జూన్‌లో. ముందు ఎవరి కష్టం తీర్చాలో తెలిసిన ప్రభుత్వమంటే అదీ.

యూరోపియన్ పార్లమెంటు కూడా తక్కువ తినలేదు. బాగా తెలివిమీరిన రోబోలకి 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా ఇచ్చే సంగతి పరిశీలించమని 2017 ఫిబ్రవరిలో తీర్మానించింది. నష్టం జరిగితే పరిహారం బాధ్యత ఆ 'వ్యక్తి'దే. ఎంత సుఖం! పట్టు బలం కొలిచే సెన్సరు తప్పు లెక్క చూపి, రోబో ఓ ముసలాయన్ని మంచం మీంచి కింద పడేసిందనుకోండి, పాపం తయారీదారుని కోర్టుకీడ్చడమెందుకు? రోబోనే ఈడ్చండి. జప్తుకి రెండు మోటార్లూ ఒక బ్యాటరీ సిద్ధంగా ఉంటాయి. 2018లో నూట యాభై మందికి పైగా నిపుణులు దీన్ని వద్దంటూ లేఖ రాశారు. నిపుణులకి జాలి తక్కువ.

ఇక ఆత్మ. రోబోకి ఆత్మ ఉందా లేదా అని పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. ఇంట్లో రౌటరు తీగ పీకి, దాన్ని పలకరించండి. చాలావాటికి చెవులు ఇంట్లో, మెదడు అద్దెకొంపలో, అంటే ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ సర్వరు కంప్యూటర్లో. మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తన పేరు వినబడగానే ఆ తర్వాతి మాటలు సర్వరుకి మోస్తుంది. టీవీలో ఎవరో అలాంటి పేరే పలికినా మోస్తుంది, భార్యాభర్తల పోట్లాటతో సహా.

జపాన్ వాళ్ల పారోని చూస్తే అందుకే జాలేస్తుంది. 2.7 కిలోల సీల్ పిల్ల రోబో బొమ్మ. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ల ఒళ్లో పడుకుని, నిమిరితే కళ్లార్పుతుంది. పాలపీకలాంటి ఛార్జరు నోట్లో పెడితే కడుపు నిండుతుంది. మాటలు రావు, పుట్టింటికి చాడీలు మొయ్యదు. అభివృద్ధి చెందని జీవి.

చావులోనూ పారో వెనకే. ఇంట్లో పెట్టుకునే జిబో అనే రోబోని చూడండి, 2019లో తన సర్వర్లు ఆపేస్తున్నారని తనే చెప్పి, ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుంది. పైగా చివర్లో డాన్సు. పిల్లల నేస్తంగా 799 డాలర్లకి అమ్మిన మాక్సీ వంతు 2024 డిసెంబరులో వచ్చింది. కంపెనీ దగ్గర డబ్బులైపోయాయి. నేస్తం ఇక మాట్లాడదని పిల్లలకి మెల్లగా ఎలా చెప్పాలో తల్లిదండ్రులకి ఓ ఉత్తరం రాసిపెట్టింది. డబ్బు వాపసు రావడం కష్టమన్న ముక్క మాత్రం పెద్దవాళ్లకి విడిగా చెప్పింది.